అక్షరం బొమ్మైన చోట

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే నెల్లూరు, ప్రకాశం తీర మండలాల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కృష్ణపట్నం పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఏ బడిలో పునరావాస కేంద్రం తెరిచారు, ఏ చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ ఊరి వాట్సాప్ గ్రూపులోకే వస్తాయి. వాటిలో చాలావరకు ఫొటోలు. కాగితం మీద టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. చూపులేని మనిషి ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ మెసేజ్ మీదికి రాగానే పంపినవారి పేరు చెబుతుంది, ‘ఫొటో’ అంటుంది, వచ్చిన టైము చెబుతుంది. అక్కడితో ఆగిపోతుంది. తుపాను ఎప్పుడు తీరం దాటుతుందో, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో ఆ ఫొటోలోపలే ఉండిపోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, పొద్దున వచ్చిన కబురు సాయంత్రానికి పాతబడిపోయింది. అలాంటి రోజుల్లో కబురు అందడం ఒక పూట ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు.

‘ఎవరో ఒకరు చదివిపెడతార్లే’ అంటారు. చదివిపెట్టే మనుషులున్నారు, వాళ్ల మంచితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ మనిషి రొయ్యల చెరువు దగ్గరికి పోయి ఉంటే? వచ్చింది బ్యాంకు ఓటీపీ అయితే? ఆస్పత్రి రిపోర్టు అయితే? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బు ఎవరిదో దాని లెక్క కూడా వాళ్లదే. వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షకు ఏ రోజు రమ్మన్నారో, శాతం ఎంత వేశారో, ఏ కారణంతో దరఖాస్తు తిప్పిపంపారో ముందు పక్కింటివాళ్లకు తెలిసి, ఆ తర్వాతే తనకు తెలియాలంటే, ఆ మనిషికి సొంత గుట్టు అంటూ ఏం మిగిలినట్టు? చదివిపెట్టడం సాయం. తానే చదువుకోగలగడం హక్కు. మొదటిది ఉంది కదా అని రెండోదాన్ని వాయిదా వేస్తూ వస్తున్నాం.

యాక్సెసిబిలిటీ, అంటే దివ్యాంగులూ వాడుకోగలిగేలా చేయడం, అనగానే పెద్ద వెబ్‌సైట్లు, ఖరీదైన సాఫ్ట్‌వేర్లు, హైదరాబాదు కంపెనీలు గుర్తొస్తాయి. ఈ రెండు జిల్లాల్లో తిరిగే కాగితాలను గమనిస్తే అసలు తలుపు మూతపడుతున్నది అంతకన్నా చాలా ముందే, డీటీపీ టేబుల్ దగ్గరా జెరాక్స్ షాపు స్కానర్ దగ్గరా. అక్కడ అక్షరం బొమ్మైపోతే, తర్వాత ఎంత మంచి వెబ్‌సైట్‌లో పెట్టినా అది బొమ్మే.

గుర్తు, రూపం

స్క్రీన్ రీడర్‌కు కళ్లు లేవు. తెర మీద కనిపించే రూపాన్ని అది చూడదు, ఆ రూపం వెనక కంప్యూటర్ దాచుకున్న గుర్తులను చదివి గొంతుగా మారుస్తుంది. ఇది కొనుక్కోవాల్సిన వస్తువేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ ఉంటుంది, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైఖేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు, ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. తెలుగు చదివే గొంతులు కూడా ఉన్నాయి. కొన్ని గొంతులు గరుకుగా, మరబొమ్మ మాట్లాడినట్టు ఉంటాయి కానీ అలవాటైనవాళ్లు వాటిని మామూలు మాటకన్నా రెండు మూడు రెట్ల వేగంతో వింటారు. అంటే యంత్రం సిద్ధంగా ఉంది, దానికి అందాల్సిన అక్షరమే అందడం లేదు.

ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ప్రతి అచ్చుకూ, హల్లుకూ, గుణింతపు గుర్తుకూ ఒక నంబరు. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌కు ఆరు గుర్తులు: స, దాని తర్వాత పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. ఆ ఆరూ సరైన వరసలో ఉంటే ఏ యంత్రమైనా దాన్ని ‘స్త్రీ’ అనే పలుకుతుంది, వెతికితే దొరుకుతుంది, బ్రెయిలీ పరికరానికి కలిపితే వేలి కింద చుక్కలుగా కూడా వస్తుంది. ఒక్కసారి సరిగా టైపు చేసిన మాట కంటికీ చెవికీ వేలికీ ఒకేసారి పనికొస్తుంది. ఈ సదుపాయానికి పైసా అదనపు ఖర్చు లేదు.

మరి అడ్డం ఎక్కడ? నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందుల్లోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదైనా డీటీపీ సెంటర్‌లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. పెళ్లి పత్రిక నుంచి ఆఫీసు సర్క్యులర్ దాకా ఏళ్ల తరబడి అను వంటి పాత ఫాంట్లలో, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తయారవుతూ వచ్చాయి. ఆ పాత ఫాంట్లలో ‘కావలి’ అని టైపు చేస్తే తెర మీద కావలి అనే కనిపిస్తుంది. కంప్యూటర్ లోపల దాచుకున్నది మాత్రం కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాల గుంపు, మధ్యలో ఒక డాలర్ గుర్తో బ్రాకెట్టో. వాటి మీద తెలుగు రూపం తొడుగులా వేసి ఉంటుంది. స్క్రీన్ రీడర్ తొడుగును చూడలేదు కాబట్టి లోపలున్న ఆ గందరగోళాన్నే పైకి చదువుతుంది. వినేవాళ్లకు అది ఏ భాషా కాదు. అదే మేటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినా ఇదే గతి, అప్పుడు కళ్లున్నవాళ్లూ చదవలేరు. అందుకే ఆపరేటర్ దాన్ని జేపీజీగా మార్చి ఇస్తాడు. తెలుగు కబుర్లు ఇన్ని బొమ్మలుగా తిరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఇందులో ఆపరేటర్ల తప్పు వెతకడం అన్యాయం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. పాత ఫాంట్లతో వాడే యాపిల్ కీబోర్డు లేఔట్‌లో చేయి తిరిగిన మనిషి చకచకా కొట్టే పేజీని కొత్త లేఔట్‌లో కొట్టాలంటే కొన్ని నెలలు కూలి నష్టపోతాడు. అచ్చుకు పోయే పనికి రూపం చాలు, లోపల ఏ గుర్తు ఉంటేనేం? కాగితం మీద అప్పుడూ ఇప్పుడూ తేడా లేదు. తేడా వచ్చింది కాగితానికి పోవాల్సిన ఫైలు ఫోన్లోకి పోవడం మొదలయ్యాక. పని తీరు మాత్రం కాగితం నాటిదే.

మార్గం ఉంది. సర్క్యులర్, నోటీసు, కరపత్రం ఏదైనా ముందు యూనికోడ్‌లో టైపు చేయించి, అచ్చుకు కావాలంటే దాన్ని పాత ఫాంట్‌లోకి మార్చుకోవచ్చు. రెండు వైపులా మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వత్తులు తారుమారవుతాయి గనుక ఒకసారి సరిచూసుకోవాలి. యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవనే మాట పదేళ్ల కిందటిది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అంటూ మన కవుల పేర్లతోనే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ మార్పును పని ఇచ్చేవాళ్లు అడగాలి. ‘ఫొటో ఒక్కటే వద్దు, యూనికోడ్ మేటర్ కూడా ఇవ్వండి’ అనే ఒక్క మాట సచివాలయమో, బడో, పంచాయతీయో, సహకార సంఘమో అంటే షాపు ఆ పని నేర్చుకుంటుంది. గిరాకీ లేని పని ఎవరూ నేర్చుకోరు.

రెండో అడ్డం సంతకం. ఫైలు యూనికోడ్‌లోనే తయారై ఉండొచ్చు. దాన్ని ప్రింటు తీసి, అధికారి సంతకం పెట్టాక, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపుతారు. పేరుకు పీడీఎఫ్, లోపల ఉన్నది ఫొటో. సంతకానికి విలువ ఉంది, కాదనలేం. సంతకం ఉన్న ప్రతితో పాటు ఆ టైపు చేసిన ఫైలును కూడా పెడితే చాలు. ఆ ఫైలు అదే కంప్యూటర్‌లో, అదే ఫోల్డర్‌లో అప్పటికే ఉంది. ఉన్నదాన్ని ఇవ్వకుండా, స్కాన్ ఫొటోలోంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్ వాడుకోమని చూపులేనివాళ్లకు చెప్పడం సరికాదు. ఆ సాఫ్ట్‌వేర్లు తెలుగులో బాగుపడ్డాయి, నిజమే. వంకరగా తీసిన ఫొటోలో, ముద్ర పడిన చోట ‘మ’ను ‘య’ అంటాయి, ‘ప’ను ‘వ’ అంటాయి. వాక్యంలో ఒక అక్షరం పోతే ఊహించుకోవచ్చు. సర్వే నంబరులో, ఖాతా నంబరులో ఒక అంకె మారితే ఊహించుకునేదేం ఉంటుంది?

నేరుగా వర్డ్‌లోంచి పీడీఎఫ్ చేసినా తెలుగుకు ఇంకో ఇబ్బంది మిగులుతుంది. కొన్ని పద్ధతుల్లో వత్తులూ గుణింతాలూ లోపల విడిపోయి, కాపీ చేస్తే ముక్కలుగా వస్తాయి. అందుకే జనానికి చేరాల్సిన కబురుకు పీడీఎఫ్ కన్నా మామూలు వెబ్ పేజీ మేలు. వాట్సాప్ మెసేజ్ అయినా మేలే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవకు ఈ కోణంలో ఒక బలం ఉంది: వాట్సాప్ చాట్ చాలావరకు అక్షరాల మీద నడుస్తుంది, అక్షరాన్ని స్క్రీన్ రీడర్ చదవగలదు. ఆ చాట్ చివర చేతికొచ్చే పత్రం కూడా చదవగలిగేలా ఉంటేనే దారి పూర్తయినట్టు.

చట్టం ఎక్కడుంది

1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఆ లెక్కను 21కి పెంచింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 42వ సెక్షన్ ప్రకారం ప్రింటు, ఆడియో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో వచ్చే సమాచారం దివ్యాంగులు వాడుకోగల రూపంలో ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి, మూడో వెర్షన్ 2023లో వచ్చింది. కొరత నియమాల్లో కాదు, వాటిని తప్పనిసరి చేయడంలో. రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న సరిగ్గా ఈ మాటే చెప్పింది. యాక్సెసిబిలిటీ ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన రూలు మూలచట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించమంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. ఆ కేసు వేసినవాళ్లలో యాసిడ్ దాడి బాధితులున్నారు. ఆన్‌లైన్‌లో గుర్తింపు ఖరారు చేసే ఈకేవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే రెప్పలు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పాలి అన్నది వాళ్ల ప్రశ్న.

బిగుసుకున్న వేళ్లు

యాక్సెసిబిలిటీ అంటే చూపు ఒక్కటే అనుకోవడం ఈ ప్రాంతంలో ఇంకా పెద్ద పొరపాటు. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో, కనిగిరి, మర్రిపూడి, పొదిలి చుట్టుపక్కల, నెల్లూరు వైపు ఉదయగిరి, వరికుంటపాడు ఊళ్లలో ఫ్లోరైడ్ బాధ తరాలుగా ఉంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లకు గార పడుతుంది, తర్వాత కీళ్లు, వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. మెడ వంగదు. వేళ్లు చాపితే ముడవలేరు, ముడిస్తే చాపలేరు.

ఆ వేళ్లకు ఫోన్ ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. దరఖాస్తులో పుట్టిన తేదీ నింపాలి. క్యాలెండర్ తెరుచుకుంటుంది, 1961 దాకా పోవడానికి నెలనెలా వెనక్కి జరపాలి. అంకెలన్నీ గోరంత. 14 మీద నొక్కబోతే 15 మీద పడుతుంది. సరిచేసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది, పేజీ మళ్లీ మొదటికొస్తుంది, అప్పటిదాకా నింపినదంతా పోతుంది. ఈలోగా అడ్డంగా ఒక ప్రకటన వస్తుంది, దాన్ని మూసే ఇంటూ గుర్తు మూలన ఆవగింజంత. చివర్లో ‘కుడికి జరిపి ఖరారు చేయండి’ అంటుంది. వేలు ఆనించి ఉంచి జరపడం అనే పని ఆ చేతికి రాదు. ఈ అప్లికేషన్‌ను తెచ్చిన ఉద్దేశం మంచిదే, బస్సెక్కి మండలాఫీసుకు పోనక్కర్లేకుండా చేయాలని. చివరికి ఆ మనిషి బస్సే ఎక్కుతాడు.

ఈ ఇబ్బందుల్లో ప్రతిదానికీ ప్రపంచ ప్రమాణాల్లో జవాబు రాసి ఉంది. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలి. ఆండ్రాయిడ్ సలహా అయితే దానికి రెట్టింపు, దాదాపు 9 మిల్లీమీటర్లు. జరపాల్సిన పని ఏదున్నా, దాన్ని ఒక్క నొక్కుతో చేసే దారి పక్కనే ఉండాలి. గడువు ముగియబోతుంటే ముందే చెప్పి, పొడిగించుకునే వీలివ్వాలి. పుట్టిన తేదీని మూడు గడుల్లో టైపు చేయనిస్తే ఆ క్యాలెండర్ గోలే ఉండదు.

నోటితో చెబితే ఫోన్ రాసుకునే సదుపాయం ఈ చేతులకు పెద్ద ఊరట. తిక్కన చెబుతుంటే గురునాథుడు రాశాడని నెల్లూరు సీమలో చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ గురునాథుడు ప్రతి ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు కింద ఉన్నాడు. అతనికి పట్టణపు తెలుగు తేలిగ్గా అర్థమవుతుంది, మెట్ట ఊళ్ల ఉచ్చారణ దగ్గర, ఇంటిపేర్ల దగ్గర తడబడతాడు. అందుకని దరఖాస్తులో ప్రతి గడిలోనూ మైకు పనిచేయాలి, తప్పు పడితే గడిని తేలిగ్గా దిద్దుకునే వీలుండాలి. కొన్ని అప్లికేషన్లు భద్రత పేరుతో సొంత కీబోర్డు తెచ్చిపెడతాయి. అప్పుడు మైకూ పోతుంది, పెద్ద అక్షరాల అమరికా పోతుంది.

వినపడనివాళ్ల సంగతికి తెలుగులో దక్కుతున్న చోటు మరీ తక్కువ. వరద రోజు స్థానిక యూట్యూబ్ చానళ్లలో విలేఖరి మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెప్పే కబురంతా గొంతులోనే ఉంటుంది. కింద పరిగెత్తే అక్షరాల్లో ఆ కబురు నాలుగో వంతు కూడా రాదు. యంత్రం దానంతటదే రాసే క్యాప్షన్లను అలాగే వదిలేస్తే ఊరి పేర్లు ముందు దెబ్బతింటాయి: ఇందుకూరుపేట ఒకటవుతుంది, ముత్తుకూరు ఇంకొకటవుతుంది. వరదలో అవసరమైంది ఊరి పేరే కదా. రాసిన క్యాప్షన్‌ను మనిషి ఒకసారి చూసి దిద్దాలి. దాంతో కూడా అందరికీ సరిపోదు. పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో చాలామందికి సైగల భాషే మొదటి భాష, రాసిన తెలుగు రెండోది. అందులోనూ ‘సమర్పించవలసిందిగా కోరడమైనది’ వంటి ఆఫీసు తెలుగు మూడో భాషే అనుకోవాలి. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును తయారుచేసింది. తుపాను, వరద, ఖాళీ చేయండి, పునరావాసం వంటి పాతిక మాటలతో ముందే చిన్న వీడియోలు తీయించి పెట్టుకుంటే ప్రతి తుపానుకూ పనికొస్తాయి.

ఫొటోలకు మాటలు జోడించే పని గురించి ఒక ఉదాహరణ చాలు. వెంకటగిరి చీరను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫొటో వెనక ఆల్ట్ టెక్స్ట్ గడిలో ఏమీ రాయకపోతే చూపులేని కొనుగోలుదారుకు కెమెరా పెట్టిన నంబరు వినపడుతుంది. ‘చీర ఫొటో’ అని రాసినా లాభం తక్కువే. ‘పాలమీగడ రంగు నూలు చీర, రెండు వేళ్ల వెడల్పు బంగారు జరీ అంచు, ఒంటినిండా చిన్న ఆకుల బుటా, పైటలో నెమలి’ అని రాస్తే ఆ చీర కళ్లకు కట్టినట్టే. చీరలు అమ్మే మనిషికి ఈ భాష కొత్తేమీ కాదు, దుకాణంలో మడత విప్పుతూ రోజూ చెప్పే మాటలే.

పని సరిగా జరిగిందో లేదో తేల్చడానికి ఆడిట్ కంపెనీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ తాను పంపబోయే నోటీసును ముందు తన ఫోన్‌కే పంపుకుని, టాక్‌బ్యాక్ వేసి, తెర మీద చేయి అడ్డం పెట్టి వినొచ్చు. కుడివైపుకు వేలు జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది, నేర్చుకోవడానికి పావుగంట పడుతుంది. అంతకన్నా నమ్మకమైన పరీక్ష, ఆ ఊళ్లోనే స్క్రీన్ రీడర్ రోజూ వాడే మనిషిని పిలిచి, ఆ పనికి కూలి ఇచ్చి వినిపించుకోవడం. నోటీసు ఎందుకు, ఎవరికి, ఏ తేదీలోగా, ఏ కాగితాలతో, ఎక్కడికి అన్న ఐదింటినీ ఆ మనిషి ఎవరినీ అడగకుండా తిరిగి చెప్పగలిగితే అప్పుడు గ్రూపులో పెట్టొచ్చు. తేదీ దగ్గర ఆగిపోతే ఫైలు మళ్లీ టైపు టేబుల్ మీదికి పోవాలి.